లోపల ఏమీ లేదనిపిస్తున్నప్పుడు: మూడు తరాల ఇంట్లో నిరీక్షణ

అమ్మా, వందనాలు.

మీరు రాసింది ముందు నాలుగు మాటల్లో చెప్తాను, చదివే మిగతావాళ్లకు కూడా అర్థమవుతుంది. పోయిన ఏడాది మీ మామగారు ప్రభువునందు నిద్రించారు. ఆ తర్వాత అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. "దేవుడు నన్నెందుకు ఉంచాడు" అని రోజూ అడుగుతున్నారు. అబ్బాయికి రెండోసారి కూడా నీట్‌లో సీటు రాలేదు, గదిలోంచి బయటికి రావడం లేదు. ఎనిమిదేళ్ల పాప రాత్రుళ్లు లేచి, మీరు ఊపిరి తీస్తున్నారో లేదో ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తోంది. మీవారు కువైట్‌లో ఉన్నారు. మీరు ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్తున్నారు, పాటలు పాడుతున్నారు, కానీ లోపల ఏమీ లేదు. "నా విశ్వాసం చచ్చిపోయిందా? ఒక్కొక్కరిది ఒక్కో వయసు, మా అందరికీ సరిపోయే మాట ఏదైనా ఉందా?" అని అడిగారు.

మీ విశ్వాసం చచ్చిపోలేదమ్మా. ఏ అనుభూతీ లేకుండా కూడా లేచి, తయారై, పాపను తీసుకుని మందిరానికి వెళ్తున్నారంటే అది పనిచేస్తున్నట్టే. మన సంఘాల్లో ఒక ఇబ్బంది ఉంది. సాక్ష్యాల సమయంలో జబ్బు తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు నిలబడతారు. ఇంకా మధ్యలోనే ఉన్నవాళ్లకు ఆ సమయంలో చోటు ఉండదు. అది వింటూ కూర్చుంటే తనలోనే ఏదో లోపం ఉందని ఎవరికైనా అనిపిస్తుంది. బైబిల్ మాత్రం అలా లేదు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే. 88వ కీర్తన చూడండి, చివరిదాకా వెలుగు కనబడదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే మాటతో ఆగిపోతుంది. ఆ కీర్తనను ఎవరూ తీసేయలేదు, కింద ఒక ఓదార్పు వచనం అతికించలేదు. దేవుని ప్రజలు దాన్ని ఆరాధనలో పాడుకున్నారు. మీకు ఇప్పుడు స్తుతి కీర్తన నోట రాకపోతే, ఆ 88వ కీర్తన చదివి పడుకోండి. అదీ ప్రార్థనే.

ఇక నిరీక్షణ గురించి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనందరం వాగ్దానం కార్డు తీసుకుంటాం. వాటిలో ఎక్కువగా కనబడే వచనాల్లో యిర్మీయా 29:11 ఒకటి: "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." మీ ఇంట్లో కూడా గోడ మీద ఉండే ఉంటుంది. అబ్బాయి పరీక్షకు ముందు ఆ వచనమే చదివి ప్రార్థన చేసి పంపి ఉంటారు. సీటు రాలేదు. ఇప్పుడు ఆ కార్డు వైపు చూస్తే దేవుడు మాట తప్పాడేమో అనిపిస్తుంది. అందుకే ఆ మాట ఎవరికి, ఎప్పుడు రాశారో కాస్త వివరంగా చెప్తాను.

అది ఒక ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా రాసింది. దాని ముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త కనబడతాడు. రెండేళ్లలో అందరూ ఇంటికి వచ్చేస్తారని అతను జనం ముందు గట్టిగా ప్రకటించాడు. బబులోను దాస్యానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కొయ్యకాడిని తీసి విరిచేశాడు కూడా. వినడానికి ఎంత బాగుంటుందో చూడండి! కానీ దేవుడు అతన్ని పంపలేదు. యిర్మీయా రాసిన ఉత్తరంలో ఉన్నది 70 ఏళ్లు. "ఇండ్లు కట్టుకొని వాటిలో నివసించుడి, తోటలు నాటి వాటి ఫలముల ననుభవించుడి," పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంది. 11వ వచనం వచ్చేది ఇదంతా చెప్పిన తర్వాత.

70 ఏళ్లంటే, ఆ ఉత్తరం చదువుతుంటే విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడలేదు. అవ్వ విన్న మాట మీద మనవరాలు నడిచి వెళ్లింది. మధ్యలో ఉన్న తరం ఆ మాటను పిల్లలకు చెప్తూ, అక్కడే తోట వేసుకుని బతికింది. మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. క్రైస్తవ నిరీక్షణ ఏ ఒక్కరి గుండెలోనూ నిండుగా ఉండాలన్న నియమం లేదు. అది ఇంటిలో, సంఘంలో అందరి మధ్యా ఉంటుంది. ఈరోజు ఒకరికి లేకపోతే పక్కవాళ్ల దగ్గర ఉన్నది వాడుకోవచ్చు. నలుగురు మోసుకొచ్చి పైకప్పు విప్పి దించిన పక్షవాయువు గలవాడు గుర్తున్నాడా? యేసు "వారి విశ్వాసము చూచి" క్షమించాడు అని మార్కు రాశాడు. మంచం మీద ఉన్నవాడి విశ్వాసం ఎంత అని అక్కడ ఎవరూ కొలవలేదు.

ఇది మన నేల మీద కూడా జరిగింది. తెలుగువాళ్ల మధ్య అమెరికన్ బాప్టిస్టుల పని 1836లో మొదలైంది. ఏళ్ల తరబడి ఫలితం పెద్దగా లేదు. ఈ మిషన్‌ను మూసేద్దామా అని వాళ్ల దేశంలో ఒకటికి రెండుసార్లు చర్చించారు. అలాంటి సమయంలో, 1854 జనవరి 1 తెల్లవారుజామున, మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఐదుగురే. ఆ సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలు వచ్చింది 1866లో. పన్నెండేళ్ల తర్వాత! మరుసటి ఏడాది జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడితే అందులో ఉన్నది ఎనిమిది మంది. ఆ తర్వాత ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. 1876 నుంచి 1878 వరకు జనం ఆకలితో రాలిపోతుంటే, క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. కూలి కోసం, గంజి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ అంకెను మన మీటింగుల్లో చప్పట్ల కోసం చెప్తుంటారు. నాకు మాత్రం కొండ మీది ప్రార్థన నుంచి ఆ రోజు దాకా సాగిన 24 ఏళ్ల ఎదురుచూపే ముఖ్యంగా కనబడుతుంది. ఇంకో సంగతి. నీళ్లలోకి దిగినవాళ్లలో అత్యధికులు మాదిగలు. ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మనుషులు. వాళ్లకు నిరీక్షణ అంటే చనిపోయాక పరలోకం ఒక్కటే కాదు, పిల్లాడి చేతిలో పలక, ఆదివారం విశ్రాంతి, "నువ్వు దేవుని బిడ్డవి" అని పేరు పెట్టి పిలిచే మనిషి కూడా. దేవుడిచ్చే నిరీక్షణకు ఎప్పుడూ ఇలా చేతికి అందే భాగం ఒకటి ఉంటుంది. మీ ఇంట్లో ఒక్కొక్కరికి ఆ భాగం ఏదో చూద్దాం.

ముందు పాప సంగతి. మీరు గమనించారో లేదో, తాతయ్య గురించి ఆ పాపతో ఇంట్లో ఏమన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. "దేవుడు తీసుకెళ్లిపోయాడు", "నిద్రపోయాడు" అని పెద్దవాళ్లు మంచి మనసుతోనే అంటారు. ఎనిమిదేళ్ల పిల్ల దాన్ని ఉన్నదున్నట్టుగా వింటుంది. తీసుకెళ్లే దేవుడు అమ్మను కూడా తీసుకెళ్తాడేమో, నిద్రపోతే అమ్మ కూడా లేవదేమో! రాత్రి లేచి చూడడం అందుకే కావచ్చు. కాబట్టి పగటిపూట, తల దువ్వుతున్నప్పుడో, బువ్వ తింటున్నప్పుడో సూటిగా చెప్పండి: తాతయ్యకు జబ్బు చేసింది, ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, చనిపోయారు, అది నిద్ర లాంటిది కాదు. అమ్మ ఆరోగ్యంగా ఉంది. మనకు తాతయ్య మీద బెంగగా ఉంది, యేసయ్యకు కూడా లాజరు సమాధి దగ్గర ఏడుపొచ్చింది. యేసయ్య చనిపోయి మళ్లీ లేచాడు గనుక తాతయ్యను కూడా లేపుతాడని మనం నమ్ముతున్నాం. ఇంతే, ఇంత క్లుప్తంగానే చెప్పండి. మళ్లీ మళ్లీ అడుగుతుంది. అడిగినప్పుడల్లా అదే జవాబు, అదే నెమ్మదితో చెప్పండి. భయం, నిద్రలేమి నెలల తరబడి తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.

వచ్చే ఈస్టర్‌కు పాపను సమాధుల తోటకు తీసుకెళ్లండి. చిన్నపిల్ల భయపడుతుందని ఇంట్లో వదలొద్దు. మన ఊళ్లలో ఆ తెల్లవారుజామున జనం సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, చీకటి ఉండగానే పునరుత్థానపు పాటలు పాడతారు. బంతిపూల దండ పాప చేతికే ఇచ్చి తాతయ్య సమాధి మీద పెట్టించండి. సండే స్కూల్లో ఏడాది పాటు విన్నదానికంటే ఆ ఉదయం పిల్లలకు ఎక్కువ అర్థమవుతుంది. చనిపోయినవాళ్ల మధ్య నిలబడి ఇంతమంది పాడుతున్నారంటే, ఇందులో ఏదో నిజం ఉందని వాళ్లకు తెలుస్తుంది.

అబ్బాయి గురించి నాకు ఎక్కువ ఆలోచనగా ఉంది. అతనికి ఇప్పుడు వచనాలు పంపకండి. వాట్సాప్‌లో గొల్యాతును కొట్టిన దావీదు స్టేటస్‌లు కూడా వద్దు. మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త ఇలాగే బదరీ చెట్టు కింద పడుకుని నా ప్రాణం తీసేయమని అడిగాడు. దేవుడు దూతను పంపాడు. ఆ దూత ప్రసంగం చేయలేదు, ఇలా అనకూడదని మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్లు పెట్టి, లేచి భోజనం చేయమన్నాడు. తిన్నాక మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది" అన్నాడు. తర్వాతే ప్రయాణం. హోరేబు కొండ చేరాక "ఏలీయా, ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అని దేవుడు అడిగి, అతని మాట పూర్తిగా విన్నాడు. అప్పుడు కొత్త పని, తోడుగా ఒక ఎలీషా. ఈ వరస చూసి నేర్చుకోండి: తిండి, నిద్ర, వినడం, ఆ తర్వాత పని. మన ఇళ్లలో ఫలితాలు వచ్చిన సాయంత్రమే పని దగ్గర మొదలుపెడతాం, "లాంగ్ టర్మ్‌లో ఇంకోసారి చేరతావా, బీఎస్సీ నర్సింగా, ఫార్మసీనా" అని. ఆ మాట ఇంకొన్ని రోజులు ఆగినా నష్టం లేదు.

పోలికలు కూడా ఆపండి. ఎదురింటి పిల్లాడికి సీటొచ్చిందని మీరు అనకపోయినా, చుట్టాలు అంటారు. వాళ్లు వచ్చినప్పుడు మీరే అడ్డుపడండి. యేసు పునరుత్థానం తర్వాత పేతురుకు మళ్లీ పని అప్పగించగానే, పేతురు వెనక్కి తిరిగి యోహానును చూసి, మరి ఇతని సంగతి ఏమిటి అని అడిగాడు. "అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము" అన్నాడు ప్రభువు. ఈ మాట ఎప్పుడో ఒక రోజు, అతను నవ్వగలిగినప్పుడు చెప్పండి. ఇప్పుడు మాత్రం పక్కన కూర్చుంటే చాలు.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. చావాలని ఉందని అన్నా, ఎవరికీ నాతో పనిలేదని అన్నా, తనకిష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, అది విశ్వాసం తక్కువై అంటున్న మాట అనుకోవద్దు. సూటిగా అడగండి, "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా నాన్నా?" అని. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అతన్ని ఒంటరిగా వదలకుండా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మందు వేసుకోవడం ప్రార్థనకు విరోధం కాదు. దూత రొట్టె పెట్టడం ఏలీయా విశ్వాసానికి అవమానం కానట్టే ఇది కూడా.

ఇక అత్తగారు. "నన్నెందుకు ఉంచాడు" అన్న ప్రశ్నకు "అలా అనకూడదమ్మా" అన్నది జవాబు కాదు. నేను సంఘ కాపరిగా ఉన్న ఒక పల్లెలో ఇలాగే మంచం పట్టిన ఒక అవ్వ ఉండేది. పదో తరగతి పరీక్షల ముందు పిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు. ఆమె పనిచేసే ఎడమ చేత్తో ఒక్కో టికెట్టూ తీసుకుని, ఫొటో కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, "నీకు భయం ఏ సబ్జెక్టురా?" అని అడిగేది. ఎక్కువమంది లెక్కలు అనేవాళ్లు. పేరు, సబ్జెక్టు చెప్పి ప్రార్థన చేసేది. పరీక్ష రోజు ఆ సమయానికి ఎవరైనా వెళ్తే, "ఉండు, ఇప్పుడు లెక్కల పరీక్ష నడుస్తోంది" అని మాట్లాడనిచ్చేది కాదు. ఫలితాల రోజు తప్పినవాళ్లు కూడా ముందు ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు, ఎందుకంటే అక్కడ తిట్లు పడవు. మంచం పక్క స్టూలు మీద కూర్చోబెట్టి, కోడలితో చెప్పి అన్నం పెట్టించేది. ఆ పిల్లల్లో క్రైస్తవులు కానివాళ్లు కూడా ఉండేవాళ్లు.

మీ అత్తగారికి కూడా ఇలాంటి పని ఒకటి ఇవ్వండి. ఊరికే "మా కోసం ప్రార్థన చేయండి" అంటే అది పని అనిపించదు. పేర్లు కావాలి, విషయాలు కావాలి, తర్వాత ఏమైందో వచ్చి చెప్పే మనిషి కావాలి. సంఘంలో పది పేర్లు రాసి పెద్ద అక్షరాలతో మంచం పక్కన అంటించండి. మనవణ్ణి ఆమెకే అప్పగించండి. అతను నోరు విప్పితే మీ దగ్గరకంటే ముందు నాయనమ్మ దగ్గరే విప్పవచ్చు, ఎందుకంటే ఇంట్లో తనలాగే గదిలో ఉండిపోయింది ఆమె ఒక్కతే. "ముదిమి వచ్చువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే" అన్న యెషయా 46:4 ఆమెకు చదివి వినిపించండి. పాప చేత చదివిస్తే ఇంకా మంచిది, ఇద్దరికీ పనికొస్తుంది.

చివరిగా మీరు. అందరినీ చూసుకునే మనిషిని చూసేవాళ్లు ఉండరు. ముందు రక్తపరీక్ష చేయించుకోండి, హిమోగ్లోబిన్, థైరాయిడ్ రెండూ. నీరసాన్ని ఆత్మీయ పతనం అనుకుని ఏడ్చే ఆడవాళ్లను చాలామందిని చూశాను. తర్వాత, స్త్రీల సమాజంలో మీకు నమ్మకమైన ఇద్దరికి ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్లు వారానికి ఒక పూట వచ్చి అత్తగారి దగ్గర కూర్చుంటే, మీరు ఆ పూట నిద్రపోండి. మొహమాటపడకండి. వాళ్లకు కష్టం వచ్చినప్పుడు మీరు వెళ్తారు.

యేసును సిలువ వేశాక ఎమ్మాయు అనే ఊరి దారిలో ఇద్దరు శిష్యులు అన్న మాట మీ ఉత్తరంలో నాకు వినబడింది: "విమోచింపబోవువాడు ఈయనే అని మేము నిరీక్షించియుంటిమి." నిరీక్షించేవాళ్లం, ఇప్పుడు లేదు అని. ఆ మాట వాళ్లు చెప్పింది లేచి పక్కన నడుస్తున్న ప్రభువుతోనే, ఆయన అని తెలియకుండా. ఏం జరిగిందో ఆయనకు తెలియదా? అయినా ఏమైందని అడిగి, వాళ్ల నిరాశ మొత్తం చెప్పనిచ్చాడు. మన నిరీక్షణకు ఆధారం అబ్బాయి సీటో, అత్తగారి కుడిచెయ్యో అయితే అవి ఊగినప్పుడల్లా అదీ ఊగుతుంది. క్రీస్తు లేచాడు అన్న జరిగిపోయిన సంగతి మీద అది నిలబడి ఉంది. మీకు అనిపించినా, అనిపించకపోయినా, ఆ సంగతి మారదు. హెబ్రీ పత్రిక దీన్నే లంగరు అంటుంది. కొత్తపట్నం రేవులో పడవ లంగరు వేశాక, పడవ ఊగుతూనే ఉంటుంది, కొట్టుకుపోదు.

మొదలుపెట్టడానికి ఒక్క పని చాలు. కువైట్‌లో శుక్రవారం సెలవు గనుక, ఇక్కడ రాత్రి 9 గంటలకు, అక్కడ సాయంత్రం ఆరున్నరకు, మీవారితో వీడియో కాల్‌లో కుటుంబ ప్రార్థన పెట్టుకోండి. పావుగంట దాటనివ్వొద్దు. అత్తగారి మంచం దగ్గరే కూర్చోండి. ఒక కీర్తన పాప చదవాలి, 42 మంచిది: "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అత్తగారు ప్రార్థన చేయాలి, మీవారు ఆమెన్ అనాలి. మీరు ఏమీ చేయనవసరం లేదు, వినండి. అబ్బాయిని పిలవండి, రాకపోతే బలవంతం వద్దు, గది తలుపు దగ్గరకు వినబడేలా పాడండి. ఈ నెల ప్రభు రాత్రి భోజన సంస్కారం అత్తగారికి ఇంటికి తెచ్చి ఇమ్మని మీ పాస్టరు గారిని అడగండి, అడిగితే కాదనరు. అబ్బాయి ఎలా ఉన్నాడో పది రోజుల్లో నాకు రాయండి. మీ నలుగురి పేర్లూ, కువైట్‌లో ఉన్న ఆయన పేరూ పంపితే, ఉదయం ప్రార్థనలో పేరుపేరునా చెప్తాను.